నాలుగో ఫారంలో మగ్గం

పెద్దరాళ్లపాడు హైస్కూల్లో నాలుగో ఫారం పిల్లల చేత మగ్గం గుంట తవ్వించిన పాపానికి, దావీదురాజు అయ్యవారు ఊరంతా తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుంటున్నాడు. బడి వదలగానే ఇంటికి పోయి కాళ్లు కడుక్కుని నులకమంచం మీద వాలాల్సిన మనిషి, గొడుగు చంకన పెట్టుకుని వీధి వీధీ పట్టుకుని, కనబడిన ప్రతి తండ్రికీ అదే పాఠం మళ్లీ మొదట్నుంచి చెప్పుకొస్తున్నాడు. పిల్లలకు చెప్పడం సులభం. అర్థం కాకపోతే కాలేదంటారు. పెద్దవాళ్లు అలా కాదు, తల ఊపుతారు. ఊపి, మర్నాడు పిల్లవాణ్ని బడి మాన్పిస్తారు.

తప్పెవరిదంటే మద్రాసుదే అనాలి. జిల్లా బోర్డువాళ్లు ఆయన్ని ట్రైనింగుకని అక్కడికి పంపారు. అక్కడొక ముసలి లెక్చరరు ఉండేవాడు. పిల్లలకు పాఠం చెప్పకండి, పని ఇవ్వండి అనేవాడు. ఒక పని ఎత్తుకుని మొదలు నుంచి చివరిదాకా పిల్లలే చెయ్యాలి, లెక్కలు, భూగోళం, సైన్సు అన్నీ ఆ పనిలోంచే రావాలి, దాని పేరే ప్రాజెక్టు అనేవాడు. ఆ రోజుల్లో దేశమంతా చేతిపనుల చదువు గురించే మాట. దావీదురాజు తలకు అది ఎక్కనే ఎక్కింది. తిరిగొచ్చేటప్పుడు మద్రాసు నుంచి జనం పట్టుచీరలు తెస్తారు, ఈయన ఆ ఒక్క మాట తెచ్చుకున్నాడు.

పెద్దరాళ్లపాడు సగం నేతగాళ్ల ఊరు, సగం సేద్యగాళ్ల ఊరు. ఏం పని చేద్దామని పిల్లల్ని అడిగితే గుడ్డ నేద్దామన్నారు. బడి వెనక రేకుల కొట్టంలో, నేసేవాడు కాళ్లు దింపి కూచునే గుంట తవ్వారు. ఎవరో అటక మీద పారేసిన పాత మగ్గాన్ని తెచ్చి నిలబెట్టారు. పత్తి చేలకు పోయి సెంటుకు ఎన్ని మొక్కలో చూసుకున్నారు. ఈ ఊరి పత్తి ఆదోని మిల్లుకు ఎలా పోతుందో, నూలు ఎక్కణ్నుంచి తిరిగొస్తుందో గోడంత పటం గీశారు. రంగుల సాయిబు దగ్గరికి పోయి అందరూ మోచేతుల దాకా నీలిరంగు పూసుకుని వచ్చారు. ఆ నీలి చేతులు చూశాకే ఊళ్లో తల్లులు గోల మొదలుపెట్టారు.

హెడ్మాస్టరు ప్రకాశం గారు మంచివాడే, కానీ పిరికివాడు. "దావీదురాజూ, మీ ముచ్చట నేనెందుకు కాదనాలి? కానీ ఒక్క తండ్రి పైకి అర్జీ రాసినా ఆ గుంట పూడ్పించేస్తాను. రిటైరయ్యే ముందు నాకీ తలనొప్పులు వద్దు" అన్నాడు.

సేద్యగాళ్లను ఒప్పించడం అంత కష్టం కాలేదు. బొజ్జన్న అనే పెద్దరైతు మాత్రం మీసం మీద చెయ్యేసుకుని, "మా పిల్లోన్ని గుంటలో దింపితివంట, ఏమప్పా, రేపు నాగలి కూడా బడిలోనే కట్టిస్తావా?" అని నలుగురిలో నవ్వాడు. పత్తి తూకంలో మోసం ఎక్కడ జరుగుతుందో పిల్లవాడు ఇంటికొచ్చి చెప్పాక ఆ నవ్వు తగ్గింది. అసలు చిక్కు నేతవీధిలో వచ్చింది. నేతవీధి నుంచి హైస్కూలు దాకా వచ్చిన మొదటి పిల్లవాడు గురుస్వామి. బడిలో మగ్గం సంగతి తెలిసిన రోజే వాళ్ల నాయన బసవన్న వాణ్ని ఇంట్లో కూచోబెట్టేశాడు.

గురుస్వామి లేని నాలుగో ఫారం దావీదురాజుకు బోసిగా కనబడింది. అందరు పిల్లలూ చెప్పిన పని చేస్తారు. వీడు ఎందుకు అని అడుగుతాడు. ఎండాకాలం పడుగు దారాలు ఎందుకు పుటుక్కుమని తెగుతాయి సార్ అని అడిగి, గాలిలో తేమ ఉంటే తెగవని ఈయన చెప్పగానే, తేమను కొలిచేదెట్ల సార్ అని ఇంకో ప్రశ్న వేశాడు. వెంట్రుక తడికి సాగుతుందని పుస్తకంలో చూపిస్తే, మర్నాడు వాళ్లమ్మ చౌడమ్మ తలవెంట్రుక ఒకటి తెచ్చి, దానికి వెదురుపుల్ల ముల్లు కట్టి, అట్టముక్క మీద గీతలు గీసి తేమను చూపించే యంత్రం చేసేశాడు. ఆ ముల్లు కదిలినప్పుడు దావీదురాజుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల పంతులు ఉద్యోగంలో ఆ పూట ఒక్కటే తాను నిజంగా పాఠం చెప్పినట్టు అనిపించింది. ఆ పిల్లవాణ్ని వదులుకోవడం ఆయన వల్ల కాలేదు.

అందుకే ఆ సాయంత్రం మళ్లీ నేతవీధికి వెళ్లాడు. బసవన్న ఇంటి అరుగు మీద కూచున్నాడు. అరుగు దాటి లోపలికి ఆయన్ని ఎవరూ పిలవరు, ఆయనా పోడు. ఆయనది తాత కాలంలో మాలపల్లె నుంచి మిషను దొరల గుడికి నడిచిన కుటుంబం. పేరు మారింది, కోటు వచ్చింది, అరుగు మాత్రం అక్కడే ఉంది. చౌడమ్మ చూరులో విడిగా దోపి ఉంచిన సత్తు గ్లాసు తీసి, మజ్జిగ పోసి, అరుగు అంచున పెట్టింది. ఆమె మనసులో ఏమీ లేదు. ఎండన పడి వచ్చినాడని ఇంత ఉప్పు ఎక్కువ వేసి మరీ తెచ్చింది.

"అయ్యవారూ, నేను సూటిగా అడుగుతా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు బసవన్న గడప మీద కూచుంటూ. "మావోన్ని నేను బడికి పంపిందే ఈ గుంటలోంచి లేస్తాడని. మా తాత దీంట్లోనే పాయ, మా నాయన దీంట్లోనే పాయ. నా నడుము చూడండి, నిలబడితే కూడా కూచున్నట్లే ఉంటాది. వాడన్నా కుర్చీలో కూచుంటాడనుకుంటి. మీరు బడిలోనే గుంట తవ్వితిరి. ఇంగ ఏంటికి పంపల్ల?"

దావీదురాజు ఓపిగ్గా మొదలుపెట్టాడు. అది నేత నేర్పడం కాదన్నా, నేతలోంచి సదువు నేర్పడం. మగ్గం ఒక వంక. మీవోడు నేతగాడు కావాలని కాదు, ఏ పని ముందుకొచ్చినా దాని లోపల ఏముండాదో చూసే బుద్ధి రావాలని. వెంట్రుక యంత్రం గురించి చెప్పాడు. పటం గురించి చెప్పాడు. మద్రాసులో విన్నదంతా ఊరి మాటల్లోకి దింపి దింపి చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే పాత పాటలా వినిపించింది. ఎన్ని ఇళ్లలో ఇదే చెప్పాడో. ఒక్కోసారి తానేం చెబుతున్నాడో తనకే నమ్మకం చాలడం లేదు.

బసవన్న అంతా విని తల ఊపాడు. ఊపి, "పిల్లోడు ఇంట్లోనే ఉంటాడు లెండి" అన్నాడు.

దావీదురాజు మొండివాడు. విడివిడిగా చెబితే పని కావడం లేదని, తల్లిదండ్రులందర్నీ బడికే పిలుద్దామనుకున్నాడు. అమావాస్య రోజు పెట్టాడు. అమావాస్యనాడు నేతవీధిలో మగ్గం ఆడదు, చేలో కాడి కట్టరు. రాలేకపోయామని ఎవరికీ సాకు ఉండదు. అంతవరకు ఆ ఊళ్లో పిల్లల పని చూడడానికి పెద్దల్ని బడికి పిలిచిన అయ్యవారు లేడు. పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ పోయి పిలిచాడు.

వచ్చారు. వచ్చినవాళ్లలో సగంమంది హెడ్మాస్టరు ఏదో జుల్మానా వేస్తాడని భయపడి వచ్చినవాళ్లే. పిల్లలు పటం ముందు నిలబడి వణుకుతూ చెప్పారు. బొజ్జన్న బెంచీ మీద కూచునే కునుకు తీశాడు. ఒకాయన లేచి, ఇదంతా పరీక్షలో అడుగుతారా అన్నాడు. అడగరని నిజం చెప్పేసరికి ఆయన పక్కాయన వైపు చూసి పెదవి విరిచాడు. ప్రకాశం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. దావీదురాజుకు వీపంతా చెమట పట్టింది. అందరికీ దండం పెట్టి, పొండి, రేపట్నుంచి డిక్టేషనే రాయిస్తాను అనేద్దామా అని కూడా అనిపించింది.

ఆ మూకలో బసవన్న ఉన్నాడు. గురుస్వామిని వెంటబెట్టుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కొట్టంలోకి పోయి, బడి మగ్గం గుంటలోకి దిగి కూచున్నాడు. పిల్లలు నేసిన జానెడు గుడ్డ మీదకి ముక్కు తగిలేంతగా వంగి చూశాడు. చూడడమేమిటి, వేళ్లతో తడిమాడు. ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అని దావీదురాజుకు ఆశ పుట్టింది. చూసి చూసి లేవబోయాడు, నడుము పట్టేసింది. పట్టు కోసం గాలిలోకి చెయ్యి చాపాడు. దగ్గర ఉన్నది దావీదురాజే. ఆ చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. నేతవీధి పెద్దలు ఇద్దరు ముగ్గురు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. బసవన్న మాత్రం పైకి వచ్చాక కూడా ఒక్క క్షణం ఆ చెయ్యి వదల్లేదు.

వదిలి, అందరూ వింటుండగా అడిగాడు. "అయ్యవారూ, ఇంత చెప్తాండారు గదా. ఒక్క మాట. మీ నాయన మీకు ఆయన పని నేర్పిస్తానే సదివించినాడా?"

దావీదురాజు నాయన ఒక రైతు దగ్గర జీతగాడు. కొడుకును చేను గట్టు కూడా తొక్కనిచ్చేవాడు కాదు. ఒకసారి ఎనిమిదేళ్ల దావీదు సరదాకి పార పట్టుకుంటే, జీవితంలో ఎప్పుడూ కొట్టని మనిషి చెంప ఛెళ్లుమనిపించాడు. వాగులో నీళ్లొస్తే భుజాల మీద ఎత్తుకుని మిషను బడిలో దించి, తడిబట్టలతోనే పనికి పోయేవాడు. ఆయన మట్టి చేతులు కొడుకు పలక మీద పడకుండా వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు.

ఆ సంగతి చెబితే అక్కడితో అంతా అయిపోతుంది. గుంట పూడ్చేస్తారు. గురుస్వామి పోతాడు. దావీదురాజు కొట్టం గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్లవాడి మొహం చూశాడు.

"నేర్పించినాడు" అన్నాడు. "పొద్దున చేలో పని, పగలు బడి. నాకు లెక్కలు వచ్చింది పుస్తకంలో కాదు, మా నాయన పక్కన నాగలి పట్టుకున్నప్పుడే. పనిలోనే సదువు ఉండాదని నాకు తెలిసిందే ఆయన వల్ల."

ఎవరో భేష్ అన్నారు. కునుకులోంచి లేచిన బొజ్జన్న ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. బసవన్న తల ఊపలేదు. "అట్లయితే సరే" అన్నాడు, అంతే.

మర్నాడు గురుస్వామి బడికి వచ్చాడు. దావీదురాజు సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అబద్ధం సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లోపల చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది, కానీ పిల్లవాడు గుంటలో కూచుని ఇంకోడికి దారాల మధ్య నాడె విసరడం చూపిస్తుంటే ఆ ముల్లు మరిచిపోయేవాడు. ప్రకాశం గారు కూడా కొట్టంలోకి రెండుసార్లు తొంగిచూసి, ఇన్‌స్పెక్టరు వస్తే ఇది చూపిద్దామయ్యా అన్నాడు. పిరికివాడికి ధైర్యం వచ్చిందంటే పని నడుస్తున్నట్టే లెక్క. దావీదురాజు అప్పుడే మనసులో వచ్చే ఏటి ప్రాజెక్టుకు పేరు కూడా పెట్టుకున్నాడు, ఊరి బావులు అని.

దసరా సెలవులు అయ్యాక గురుస్వామి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మధ్యాహ్నం బెల్లు దాటాక కనబడేవాడు కాదు. ఆ తర్వాత అసలు రావడం మానేశాడు. జ్వరమేమో అనుకున్నాడు దావీదురాజు. పెళ్లి ఏదన్నా ఉందేమో అనుకున్నాడు. నేతవీధికి మళ్లీ పోవాలంటే కాళ్లు రాలేదు. ఇన్నాళ్లూ తిరిగిన తిరుగుడుకు ఒంట్లో సత్తువ మిగల్లేదు. ఒప్పించిన ఇంటినే మళ్లీ ఒప్పించాల్సి రావడమంత నీరసం ఇంకొకటి లేదు.

చివరికి ఒక పొద్దున, బడికి పోయే ముందు వెళ్లాడు. వీధిలో పడుగు సాగదీసి ఉంది. ఆడవాళ్లు అటూ ఇటూ నడుస్తూ దారాలకు గంజి పూస్తున్నారు. పక్కకు ఒదిగి నడిచి బసవన్న ఇంటి అరుగు దగ్గర నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది. లోపల గుంటలో కూచుంది బసవన్న కాదు, గురుస్వామి. కాళ్లు తొక్కుడు పలకల మీద, చెయ్యి నాడె మీద, కళ్లు దారం మీద ఉన్నాయి. బడిలో సరదాకి నేసే పిల్లవాడి లాగా లేడు. పక్కన బసవన్న చతికిలబడి నూలు కండెలు చుడుతున్నాడు. చూపు ఎటో గోడ మీద ఉంది, వేళ్లు వాటంతట అవే పని చేస్తున్నాయి.

"ఎవరు, అయ్యవారా? అడుగు సప్పుడు చెప్పేసింది" అని బసవన్న లేచి బయటికి వచ్చాడు. గడప దాటేటప్పుడు తలుపు చెక్కను తడుముకున్నాడు. దావీదురాజు అది అప్పుడు చూశాడు. ఇన్నిసార్లు వచ్చి అరుగు మీద కూచున్నాడు, ఒక్కసారీ చూడలేదు.

"గురుస్వామి బడికి రావడం లేదు" అన్నాడు.

"బడి పనే చేస్తాండాడు గదా అయ్యవారూ. అక్కడ చేసేదే ఇక్కడ చేస్తాండాడు. పనిలోనే సదువు ఉండాదని మీరే చెప్తిరి."

"నేను చెప్పింది అది కాదన్నా." దావీదురాజు గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. "ఎవరన్నా అడిగేవాళ్లు ఉండల్ల. ఎందుకు, ఎట్లా అని. పుస్తకం ఉండల్ల. పని ఆపి చూసే తీరిక ఉండల్ల. అది లేకపోతే ఉత్త పనే, సదువు కాదు."

"వాడు అడుగుతానే ఉంటాడులే" అని బసవన్న నవ్వబోయి మానేశాడు. లోపలికి తిరిగి, "రేయ్ గురూ, నీళ్లు తేపో, దారం ఎండిపోతాండాది" అన్నాడు. పిల్లవాడు గుంటలోంచి లేచి, సార్‌ను చూసి నమస్కారం పెట్టి, కుండ తీసుకుని పెరట్లోకి పోయాడు.

దావీదురాజు అరుగు మీద కూలబడ్డాడు. ఇక దాచడానికి ఓపిక లేదు. "బసవన్నా, ఆ పొద్దు బడిలో నేను చెప్పింది అబద్ధం. మా నాయన నన్ను పార ముట్టుకోనిచ్చిన మనిషి కాదు. ఒక్క పని నేర్పలేదు. నేను నాగలి పట్టలేదు. నా మాట నమ్మి నువ్వు పిల్లోన్ని..." అని ఆగిపోయాడు.

"తెల్సు అయ్యవారూ."

దావీదురాజు తల ఎత్తాడు.

"మీ చెయ్యి పట్టుకుంటి గదా పైకి వచ్చేటప్పుడు. నాగలి పట్టిన చెయ్యి అట్ల ఉండదు. మెత్తగా, ఆడబిడ్డ చెయ్యి మాదిరి ఉండాది. తెలిసే అడిగితి." బసవన్న గడప మీద కూచున్నాడు. గొంతు తగ్గించాడు. "నాకు కండ్లు పోతాండాయి. ఉగాది నుంచే దారం కానరాదు. తెగితే ముడేసేది కూడా చౌడమ్మే. మగ్గం నిలిస్తే ఇల్లు నిలుస్తాది. వాన్ని దిగమని చెప్పల్ల. ఎట్ల చెప్పేది? గుంటలోంచి లేవరా అని పుట్టినకాడి నుంచి చెప్పిన నోటితోనే దిగరా అని ఎట్ల చెప్పేది? నాకు మాట దొరకలా. మీరు ఆ మాట చెప్తారేమో అని ఆ పొద్దు అడిగితి. చెప్తిరి."

దావీదురాజు లోపల ఖాళీగా ఉన్న గుంట వైపు చూశాడు.

"సెలవుల్లో చెప్తి వాడితో. అయ్యవారు చెప్పినట్లే చేస్తాండాంరా, ఇది బడి సదువేరా అని. నమ్మినాడు. ఏడుస్తాడేమో అనుకుంటి. ఏడవలా." ఆ మాటకు బసవన్న తన కళ్లే తుడుచుకున్నాడు. "మీకు శానా పుణ్యం ఉంటాది."

వీధిలో ఆడవాళ్లు పడుగు చుట్టడం మొదలుపెట్టారు. దావీదురాజుకు ఒళ్లంతా రోకలితో దంచినట్టు ఉంది. ఇంత తిరిగి, ఇన్ని ఇళ్లలో చెప్పి, తన మాట పూర్తిగా అర్థం చేసుకున్న తండ్రి ఈ ఒక్కడే. ఆ అర్థం చేసుకోవడం ఎందుకు పనికొచ్చిందో తలుచుకుంటే ఏడవాలనిపించింది. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

గురుస్వామి నీళ్లకుండతో తిరిగొచ్చాడు. తండ్రి గుంట వైపు తడుముకుంటూ పోయాక, అరుగు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, నేను ఈడ చేసే పనికి గూడా బడిలో హాజరు వేస్తాండారు గదా?"

వాడి మొహం నిండా నమ్మకమే ఉంది. దావీదురాజు గొడుగు తీసుకుని లేచి నిలబడ్డాడు.

"వేస్తాండా" అన్నాడు.

పిల్లవాడు నవ్వి లోపలికి పోయాడు. బడి మొదటి గంట కొట్టారు. ఆయన పడుగు పక్కగా నడుచుకుంటూ బడికి పోయాడు.